మన పనికి మనమే సాక్షులం

(విశాఖపట్నం జాలరిపేటలో ముస్లిం యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వృత్తిలో మనం సాధించినదాన్ని ధైర్యంగా చెప్పుకోవడం ఎలా అన్నది ఈరోజు నాకిచ్చిన అంశం. ఈ మాట వినగానే మనలో చాలామందికి లోలోపల ఒక ఇబ్బంది కలుగుతుంది. తన గురించి తాను చెప్పుకోవడం గర్వం కాదా? అది రియా కిందికి రాదా? చేసిన పని అల్లాహ్‌కు తెలిస్తే చాలదా? ఈ సందేహం తేలిగ్గా తోసివేయదగినది కాదు. అహంకారాన్ని మన ధర్మం తీవ్రంగా గర్హించింది. నిండుకుండ తొణకదని తెలుగు పెద్దలూ మనకు నేర్పారు. కనుక ముందు ఈ సందేహానికి సమాధానం వెదికి, ఆ తరువాత ఆచరణలోకి వెళదాం.

హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం మీ అందరికీ తెలుసు. చేయని నేరానికి ఆయన చెరసాలలో ఉన్నారు. రాజుకు వచ్చిన కలకు అర్థం చెప్పారు. అంతటితో ఆగక, పంట పండే ఏడేళ్లలో ధాన్యాన్ని వెన్నులతోనే ఎలా నిలవచేయాలో, కరువు ఏడేళ్లను ఎలా దాటాలో కూడా వివరించారు. రాజు పిలిపించినప్పుడు వెంటనే పరుగెత్తలేదు. తనమీద పడిన నింద విషయం ముందు తేల్చమన్నారు. నిర్దోషిత్వం రుజువైన తరువాత రాజుతో తానే మాట్లాడారు. దేశపు ధాన్యాగారాలను తనకు అప్పగించమన్నారు. వాటిని కాపాడగలననీ, ఆ పని తనకు తెలుసుననీ స్పష్టంగా చెప్పారు. ఒక ప్రవక్త తన అర్హతను తన నోటితో చెప్పుకున్న సందర్భమిది. అందులో అతిశయోక్తి లేదు, పరనింద లేదు. ఆయన పేర్కొన్న గుణాలు రెండే: నమ్మకంగా కాపాడటం, పని తెలిసి ఉండటం. ఆయన మౌనంగా ఉండి ఉంటే ఆ బాధ్యత తెలియనివారి చేతిలో పడేది, కరువుకు ప్రజలు బలయ్యేవారు.

దీన్నిబట్టి గర్వానికీ సాక్ష్యానికీ మధ్య గీత ఎక్కడుందో మనకు తెలుస్తుంది. చేయనిది చేశానని చెప్పడం, పదిమంది చేసినదాన్ని ఒక్కడి పేరున వేసుకోవడం, ఎదుటివాణ్ని తగ్గించి తాను పెరగడం గర్వం. చేసినదాన్ని చేసినంత మేరకు, ఆధారంతో, అడిగినచోట చెప్పడం సాక్ష్యం. సాక్ష్యాన్ని దాచడం మన ధర్మంలో మెచ్చదగిన గుణం కాదు.

ఈ పాఠం నేర్చుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. ఈ జాలరిపేట తల్లులు ఉదయాన్నే గంప దించి చేపలు అమ్మే తీరు చూడండి. చేప తాజాదని గట్టిగా చెప్పడానికి ఆ తల్లి సిగ్గుపడదు. అలాగని ఉత్త మాటతోనూ సరిపెట్టదు. కొనేవారి కళ్లముందే మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తుంది. మాట ఒకటి, దానికి రుజువు ఒకటి. మనం నేర్చుకోవలసిన విద్య అంతా ఇంతే.

ఇక మన నగరం సంగతి చూద్దాం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948లో ‘జలఉష’ ఓడ ఇక్కడే నీటిలోకి దిగింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న ఉద్యమ నినాదం నుంచి ఉక్కు కర్మాగారం వచ్చింది. ఆ నినాదంలోని ‘హక్కు’ అన్న మాట అరబీ నుంచి తెలుగులోకి వచ్చి తెలుగుదైపోయింది. మరపడవను నడిపే సరంగు, ఓడమీద పనిచేసే కళాసీ అన్న పేర్లూ సముద్ర వర్తకం వెంట మన భాషలోకి వచ్చినవే. మాటలు ఇంతగా స్థిరపడినచోట మనుషుల పనితనం మాత్రం ఎక్కడా నమోదు కాకుండా పోతున్నది.

ఒక వెల్డర్‌ను ఉదాహరణగా తీసుకోండి. గుత్తేదారు కింద ఆరేళ్లు పనిచేశాడు. నలభై ఐదు డిగ్రీల కోణంలో కదలకుండా బిగించిన పైపును చుట్టూ తిరిగి అతికే పనిని 6జీ అంటారు. వెల్డింగులో కష్టమైన పరీక్షలలో అదొకటి. అది అతనికి వచ్చు. కాని మస్టరు మీద అతని హోదా ‘హెల్పర్’. కనీస వేతనాల లెక్కలో నైపుణ్యం లేని, కొంత ఉన్న, పూర్తి నైపుణ్యం ఉన్న, అత్యంత నైపుణ్యం ఉన్న కార్మికులకు వేర్వేరు రేట్లుంటాయి. పేరు తప్పు గడిలో పడితే ప్రతిరోజూ కూలిలో కోత పడుతుంది. గుత్తేదారు మారినప్పుడు అతని చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఆరేళ్ల అనుభవం ఒక్క పూటలో సున్నా అవుతుంది. కొత్తచోట అడిగితే, ‘ఏదో చేశానండీ’ అంటాడు. ఆ ‘ఏదో’ అన్న మాట వెనుక ఆరేళ్ల చెమట ఉందని ఎదుటివారికి ఎలా తెలుస్తుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. గుత్తేదారు అమ్మ కాడు.

కాగితం అడగడం బతిమాలడం కాదని గుర్తుంచుకోండి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కింద చేసిన కేంద్ర నిబంధనలు పనిలో చేరినవారికి ఉపాధి కార్డు, పని ముగిసినప్పుడు సర్వీసు ధ్రువపత్రం ఇవ్వాలని నిర్దేశించాయి. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో కూడా, కాంట్రాక్టు కార్మికుడు అడిగితే అతను చేసిన పని వివరాలతో అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలని ఉంది. ‘అడిగితే’ అన్న మాటను గమనించండి. అడగనివారికి ఆ అవకాశం కాగితంమీదే మిగిలిపోతుంది.

పాఠశాలకు వెళ్లకుండా పని నేర్చినవారికి కూడా దారులున్నాయి. ఇప్పటికే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులను గుర్తించింది. దర్జీ, తాపీమేస్త్రి, కమ్మరి పనులతోపాటు పడవల తయారీ, చేపల వలల తయారీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అందులో గుర్తింపు కార్డు, ధ్రువపత్రం ఇస్తారు. దరఖాస్తు చేసుకోవడం కూడా నాకు ఈ పని వచ్చునని ప్రకటించుకోవడమే.

మనలో సామర్థ్యం లేదా అని కొందరు అనుమానపడతారు. 2006లో సచార్ కమిటీ సమర్పించిన నివేదికలో ఒక అంశం ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగినది. సివిల్ సర్వీసెస్ పరీక్షలకు కూర్చున్న ముస్లింల సంఖ్య జనాభాలో వారి వాటాకు చాలా తక్కువగా ఉంది. కాని కూర్చున్నవారి విజయశాతం మాత్రం ఇతరుల విజయశాతానికి దాదాపు సమానంగా ఉంది. ముందుకు వెళ్లినవారు నిలబడుతున్నారు. ముందుకు వెళ్లేవారే కరువు. పేదరికం, చదువుకు దూరం కావడం ఇందుకు పెద్ద కారణాలు. వాటికి తోడుగా, మనకెవరిస్తారులే అన్న నిరాశ కూడా ఉంది.

‘పేరు వినగానే తలుపు మూసేస్తారు, ఇక ఎంత చెప్పుకుంటే ఏం లాభం?’ అని యువకులు అడుగుతుంటారు. వివక్ష లేదని నేను అబద్ధం చెప్పను. ప్రభుత్వ ఉద్యోగాలలో మతాన్నిబట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్నది. అయితే అన్యాయం జరిగిందని ఏ అధికారి ముందు నిలబడాలన్నా, మొదట అడిగే ప్రశ్న ‘నీ అర్హత ఏమిటి?’ అనే. అర్హత నమోదై ఉంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. నమోదు లేకపోతే నిజమైన ఫిర్యాదు కూడా ఆవేదనగానే మిగిలిపోతుంది. అందువల్ల వివక్ష ఉన్నచోట మన పనిని చెప్పుకోవలసిన అవసరం రెట్టింపవుతుంది.

ఈ సందర్భంలో బుర్రకథ పితామహుడు షేక్ నాజర్‌ను తలచుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. దూది ఏకేవారి ఆ వృత్తినామాన్ని తిట్టుగా వాడే సమాజంలో, ఆయన దాన్నే తన జీవితకథకు శీర్షికగా నిలబెట్టారు. ఆయన చెబుతుంటే మరొకరు అక్షరబద్ధం చేశారు. తానెక్కడి నుంచి వచ్చాడో దాచుకోకుండా, తానేం సాధించాడో తగ్గించుకోకుండా చెప్పడం ఎలాగో ఆ పుస్తకం పేరే నేర్పుతుంది. రాయడం రానివారు చెప్పి రాయించుకోవచ్చన్న ధైర్యం కూడా అందులో ఉంది.

మన ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటర్వ్యూకు వెంట వచ్చిన అబ్బాజాన్ లేదా అన్నయ్య, అమ్మాయిని అడిగిన ప్రశ్నకు తాము జవాబిస్తారు. ప్రేమతోనే ఇస్తారు. కాని ఆ జవాబుతో ఆ అమ్మాయి అర్హత సగమైపోతుంది. తోడు వెళ్లండి, తలుపు దగ్గర దుఆ చేయండి, లోపల ఆమెను మాట్లాడనివ్వండి. తల్లులారా, పొదుపు సంఘం లెక్కలు రాయడం, ఇంట్లో కుట్టుమిషను మీద పాఠశాల యూనిఫాంలు గడువులోపల కుట్టి ఇవ్వడం, పిల్లలకు ఖురాన్ పఠనం నేర్పడం ఇవన్నీ పనులే. ‘నేనేం చేయను, ఇంట్లోనే ఉంటాను’ అనే మాటను ఈరోజు నుంచి మానుకోండి.

ఇక ఆచరణ. ఒక నోటుపుస్తకం కొనండి. ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు కూర్చుని ఆ వారం చేసిన పని రాయండి: తేదీ, చోటు, పని, దాని కొలత, చూసిన మేస్త్రి లేదా సూపర్‌వైజరు పేరు. జీతం చీటీలు, గేటుపాసుల నకళ్లు, శిక్షణ పత్రాలు ఒక సంచిలో పెట్టండి. ఫొటోలకు అనుమతి లేని రేవు, కర్మాగార ప్రాంతాలలో నియమం మీరకండి. అక్కడ రాసిపెట్టుకున్నదే మీ ఆధారం.

తరువాత ఆ పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు తయారుచేసుకోండి. ఉదాహరణకు: ‘ఆరేళ్లుగా పైపు వెల్డింగు చేస్తున్నాను. కిందటి షట్‌డౌన్‌లో నలభై జాయింట్లు వేశాను. ఎక్స్‌రే పరీక్షలో ముప్పై ఎనిమిది మొదటిసారే నెగ్గాయి. మిగిలిన రెండూ నేనే సరిచేసి ఇచ్చాను.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. ‘బాగా చేస్తాను’ అన్న మాట స్థానంలో లెక్క ఉంది. నెగ్గని రెండింటినీ చెప్పడంవల్ల మిగిలిన ముప్పై ఎనిమిదిమీద నమ్మకం పెరుగుతుంది. పదిమంది కలిసి చేసినదాన్ని ‘మేము’ అనండి, అందులో మీ భాగాన్ని ‘నేను’ అనండి. ఈ రెండు మాటలను తారుమారు చేయకపోవడమే అమానత్.

ఆ నాలుగు వాక్యాలను ఇంట్లో గట్టిగా చదవండి. ఉర్దూలో, తెలుగులో చెప్పండి, రాగలిగితే ఇంగ్లీషులోనూ చెప్పండి. రెండు మూడు భాషలలో పనిచేయగలగడం కూడా అర్హతే, దాన్నీ రాసుకోండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. పదోసారికి స్థిరపడుతుంది. ధైర్యం పుట్టుకతో రాదు, చెప్పగా చెప్పగా వస్తుంది.

పెద్దలకు ఒక మనవి. మసీదు కమిటీలలో, సంఘాలలో నెలకొకసారి ఒక గంట కేటాయించండి. చదువుకున్న పిల్లలు పనిచేసే పెద్దల పక్కన కూర్చుని వారి అనుభవాన్ని కాగితంమీద పెట్టాలి. తన తండ్రి చేతుల్లో ఎంత విద్య ఉందో చాలామంది పిల్లలు అప్పుడే తెలుసుకుంటారు.

నిజాన్ని తగ్గించకుండా, పెంచకుండా చెప్పే నాలుకను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.