ఖైదీ వేసిన ప్రశ్న



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పంటకాలువకు గండికొట్టినవానిని పెద్దలు మొదట అడుగు మాట యొకటి కలదు: "ఈ పని చేయుటకు నీకు అధికారమెక్కడిది?" చెఱలోనున్నవాడు తనకు కావలియైన అధికారిని ఈ మాట అడుగవచ్చునా? నేడు నేను మనవి చేయదలచినది ఇదియే.

విశాఖపట్టణము సెంట్రల్ జైలులోని కొందఱు నక్సలైటు ఖైదీలు సుప్రీముకోర్టులో ఈ ప్రశ్ననే వేసిరి. జైలుగోడపై అధికారులు విద్యుత్తు పాఱు తీగను అమర్చిరి. చుట్టును సాయుధులైన పోలీసులను నిలిపిరి. తీగ తాకినచో ప్రాణాపాయము. దీనికి ఆధారమైన చట్టమేదని ఖైదీల వాదము. భువనమోహన పట్నాయక్ కేసని పేరొందిన ఈ వ్యాజ్యమున 1974లో వై. వి. చంద్రచూడ్ గారు తీర్పు చెప్పిరి.

అందు మూడు సంగతులు గ్రహింపదగినవి. శిక్షపడినంతమాత్రమున మనుజుడు ప్రాథమిక హక్కులన్నిటిని కోల్పోడనుట మొదటిది. శాఖవారి ఉత్తరువు చట్టము కానేరదనియు, ఆ తీగకు ప్రభుత్వము చట్టమును చూపలేదనియు చెప్పుట రెండవది. చట్టబద్ధమైన నిర్బంధమునుండి పాఱిపోవు హక్కు ఎవ్వరికిని లేదనియు, తీగ యున్నంతమాత్రమున లోపలివారి స్వేచ్ఛకు భంగము లేదనియు తేల్చుట మూడవది. కావున ఖైదీలు ఓడిపోయిరి.

ఓడినవారికి దక్కినదేమని మీరడుగవచ్చును. వ్యాజ్యము పోయినను ప్రశ్న నిలిచినదని నా యభిప్రాయము. దీనికి విపరీతమైన కథ యొకటి వినుడు. 1942 ఆగస్టు 12వ తేదీన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలియైరి. ఆ యుద్ధకాలమున భారతరక్షణ నిబంధనలలోని 26వ నిబంధనక్రింద విచారణ లేకయే అనేకులను నిర్బంధించిరి. కేశవ తల్పాడే అను బొంబాయి నిర్బంధితుని కేసులో 1943 ఏప్రిలున ఫెడరలుకోర్టు ఆ నిబంధన చెల్లదనెను. దినములు గడువకముందే గవర్నరు జనరలు ఆర్డినెన్సు చేసి దానికి మరల ప్రాణము పోసెను. నాడు ఖైదీ గెలిచినను పాలకుని కలము గెలుపును తుడిచివేసెను. నేడు ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన శాసనము చెల్లదని రాజ్యాంగపు 13వ అధికరణము శాసించుచున్నది. ఈ భేదము స్వల్పము కాదు.

గ్రామపెద్దలారా, మీ యూరివానిని పోలీసులు పట్టుకొనిపోయినపుడు వాడు దోషియో, నిర్దోషియో మీరు తేల్చనక్కఱలేదు. ఏ కారణమున పట్టిరో అడుగుడు. ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని 22వ అధికరణము చెప్పుచున్నది. ప్లీడరును పెట్టుకొనలేనివానికి 1987 నాటి న్యాయసేవల చట్టము ఉచితముగా న్యాయవాదిని ఇచ్చును. నిర్బంధములోనున్నవానికి ఆదాయపు లెక్క అడ్డురాదు. అయితే అడుగవలసిన చోటు న్యాయస్థానము. అడుగవలసిన సాధనము అర్జీ. కఱ్ఱతో అడిగిన ప్రశ్నకు కఱ్ఱయే బదులు చెప్పును.

దొంగకు సైతము చట్టము దక్కిన ఊరిలోనే దొరకు నిద్ర నిశ్చింతగా పట్టును. ఇంతటితో సెలవు.