మానేసింది నేను, జైల్లో ఉన్నది తమ్ముడు

(పాడేరు ఏజెన్సీలో యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు)

 

మైకు ముందు నిలబడటం నాకిదే మొదటిసారి. ముందు వరసలో మా అమ్మ కూర్చుంది, అందుకే తడబడితే ఏమీ అనుకోవద్దు. గంజాయి మానేసి నాకు రెండేళ్ళు దాటింది.

ఇంటర్ తప్పాక మొదలుపెట్టాను. కొండ మీద తోటల్లోకి కూలికెళ్ళాను, అక్కడే తాగడం నేర్చుకున్నాను. సంతలో పసుపు అమ్మి అమ్మ దాచుకున్న డబ్బు కూడా పట్టుకుపోయాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. మా బాబాయి కొడుకుని మూట మొయ్యడానికి మొదటిసారి తీసుకెళ్ళింది నేనే. “ఒక్క రాత్రి నడిస్తే చాల్రా” అన్నాను. రెండోసారి వాడొక్కడే వెళ్ళి దొరికిపోయాడు. మూట 20 కిలోలు దాటింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో దానికి 10 ఏళ్ళ నుంచి 20 ఏళ్ళ దాకా శిక్ష. బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. పెట్టుబడి పెట్టినవాడి పేరు కేసులో లేదు. మోసినవాడి పేరే ఉంది.

ఆ రోజే మానేశానని చెప్తే అబద్ధం. ఆ బాధకి ఇంకా ఎక్కువ తాగాను. మూడుసార్లు మాని మూడుసార్లూ మళ్ళీ మొదలెట్టాను.

మానినప్పుడు ఏమవుతుందో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. మొదటి వారం నిద్ర పట్టదు, పట్టినా పిచ్చి కలలు. చెమటలు, అన్నం సహించదు, అందరి మీదా చిరాకు. దెయ్యం పట్టిందని మా అమ్మమ్మ దిసారిని పిలిపించింది. ఆయనే “ఇది నా పని కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి” అన్నాడు. రెండు వారాలకి ఒళ్ళు కుదుటపడింది. రోజూ సారా తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ రావొచ్చు; ముందు డాక్టరుకి చూపించుకోండి. 14446కి ఫోన్ చేస్తే డబ్బు పడదు. అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. తాగినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడ్డవాడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకి ఒప్పుకుని పూర్తి చేస్తే, విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ సంగతి మనవాళ్ళకి ఎవరు చెప్పారు?

ఒళ్ళు రెండు వారాల్లో దారికొచ్చింది. ఊరు రాలేదు. ఎవరి కోడి పోయినా నా వైపే చూసేవారు. తప్పు వాళ్ళది కాదు. కాఫీ పళ్ళు కోతకి వెళ్తే సాయంత్రం నా బస్తా రెండుసార్లు తూచేవారు. నోరు మూసుకుని కోశాను. పాత స్నేహితులు పిలిస్తే ఏ వంక చెప్పాలో తెలీక మిరియాల తీగల మధ్య దాక్కున్న రోజులున్నాయి, నవ్వకండి. పండక్కి పెద్దలు పోసే జీలుగు కల్లు వేరే సంగతే, కానీ నేను అదీ ముట్టను. నా సంగతి నాకు తెలుసు.

ఈ ఏడు ఇటుకల పండక్కి చందాల డబ్బు, లెక్కల పుస్తకం నా చేతికిచ్చారు. ఆ రాత్రి రెండూ తలకింద పెట్టుకుని పడుకున్నాను.

వచ్చే వారం జైలుకి ములాఖత్‌కి బాబాయి నన్నూ రమ్మన్నాడు. మొన్నటిదాకా నాతో మాట్లాడని మనిషి. ఆధార్ జిరాక్సు తీసిపెట్టుకున్నాను. తమ్ముడి ఎదుట నిలబడి ఏం మాట్లాడాలో మాత్రం ఇంకా తెలీదు.