అబ్బురపడే స్వభావం

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎరుపు, నీలం లైన్లు ఒకదానిపై ఒకటిగా కలుస్తాయి. కోచింగ్ క్లాసుకు పరుగెత్తే కుర్రాళ్లలో ఒకడు తలెత్తి నోరు తెరుస్తాడు, పక్కవాడు వాచీ చూసుకుంటాడు.

అబ్బురమంటే ఎదుటిది అపారంగా తోచడం, దాన్ని ఇముడ్చుకోవడానికి మన ఆలోచనే మారాల్సి రావడం అని 2003లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కెల్ట్‌నర్, హైట్ అన్నారు. కొత్తదనానికి మనసు తెరిచి ఉంచేవారిలో ఇది ఎక్కువని తర్వాత పరిశోధకురాలు షియోటా బృందం గమనించింది. ప్రతిదానికీ ఖాయమైన జవాబు వెంటనే కావాలనే పట్టుదల తరచూ అబ్బురపడేవారిలో తక్కువట. ఇవి సగటు ధోరణులే, జాతకాలు కావు. ఆ వాచీ కుర్రాడికి అడ్డొచ్చింది స్వభావమో, ఫీజు బెంగో!

26 దేశాల అనుభవాలు సేకరిస్తే, కెల్ట్‌నర్ బృందానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది తోటివారి ధైర్యం, మంచితనం చూసి కలిగిన అబ్బురమే. ఆ లెక్కన పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి వార్డుల్లోనూ దానికి కొదవుండదు.