మా వీధి దీపం ఎవరి పని?

2015 వేసవిలో మా నాన్నగారు విశాఖపట్నం నుంచి షికాగో వచ్చి మూడు నెలలు మా దగ్గర ఉన్నారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. తెల్లవారుజామునే లేవడం, బీచ్ రోడ్డు మీద నడవడం, అక్కడ దొరికిన నలుగురితో రాజకీయాలు మాట్లాడడం ఆయన దినచర్య. షికాగోలో మొదటి రెండూ కుదిరాయి. మూడోదానికి మాత్రం నేనొక్కణ్ణే దొరికాను! ఆ మూడు నెలల్లో ఆయన నన్నడిగిన ప్రశ్నల గురించే ఈ రోజు నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మేముండేది నగరానికి ఉత్తరపు కొసన, రోజర్స్ పార్కులో. మనవాళ్ళు పప్పులకీ, కూరగాయలకీ వచ్చే డెవాన్ అవెన్యూకి దగ్గరే. కాస్త నడిస్తే మిషిగన్ సరస్సు. మొదటిరోజు ఒడ్డున నిలబడి నాన్నగారు చాలాసేపు చూశారు. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నాలిక్కి తగిలించుకుని, "ఉప్పు లేదురా, నిజంగా చెరువే!" అన్నారు. ఆ శనివారం డౌన్‌టౌన్ తీసుకెళ్ళాను. మిలీనియం పార్కులో ఆ పెద్ద అద్దపు చిక్కుడుగింజలో తన బొమ్మ చూసుకుని నవ్వుకున్నారు. అది చేసిన అనీష్ కపూర్ బొంబాయిలో పుట్టినవాడంటే మరీ సంతోషించారు. తర్వాత గ్రాంట్ పార్కులో బెంచీ మీద కూర్చుని అడిగారు: "ఒకపక్క ఆకాశాన్నంటే మేడలు, ఒకపక్క నీళ్ళు. మధ్యలో ఇంత ఖరీదైన నేల ఖాళీగా ఎలా వదిలేశార్రా?"

ఎవరూ ఊరికే వదిలెయ్యలేదు. 1836లో ఈ ఊరి స్థలాలు అమ్మకానికి పెట్టినప్పుడు, కాలువ పనులు చూసే కమిషనర్లు పటం మీద ఈ జాగాలో ఒక మాట రాసి పెట్టారు. ఇది అందరిదీ, ఇక్కడ ఎప్పటికీ కట్టడాలు ఉండకూడదు అని. రాతకేముంది, ఎన్ని రాతలు చెరిగిపోలేదు! ఆ తర్వాత యాభై ఏళ్ళలో అక్కడ చెత్తా, పాకలూ చేరాయి. ఎదురుగా ఆఫీసున్న మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి 1890లో కోర్టుకెక్కాడు. పోస్టులో సరుకులమ్మే పెద్ద కంపెనీ ఆయనది. పటం మీది ఆ పాత మాటనే పట్టుకుని ఇరవై ఏళ్ళు పోరాడాడు. ఊరి పెద్దలు చాలామంది విసుక్కున్నారు. ఈ కేసు ఇల్లినాయ్ సుప్రీంకోర్టు దాకా నాలుగుసార్లు వెళ్ళింది. 1911 నాటికి అది తేలబట్టి ఈ రోజు మనం అక్కడ దుప్పటి పరుచుకుని పులిహోర తింటున్నాం.

నాన్నగారు ఇదంతా విని, "బాగుంది. మరి మీ కార్పొరేటరెవరు?" అన్నారు.

నేను నీళ్ళు నమిలాను. అప్పటికి ఆ ఇంట్లో మూడేళ్ళుగా ఉంటున్నాను. సెనేట్‌లో ఎవరి బలమెంతో చెప్పగలను. హైదరాబాదులో, అమరావతిలో, ఢిల్లీలో ఎవరు ఎవరితో కలుస్తారో రాత్రి పన్నెండు దాకా వాదించగలను. మా వీధి చూసుకునే మనిషి పేరు మాత్రం తెలియదు. "మనం హెచ్1 వాళ్ళం కదండీ, మనకి ఓటు లేదు" అన్నాను. "ఓటు లేకపోతే వీధి దీపం కూడా అక్కర్లేదా?" అన్నారు.

దీపం అని ఎందుకన్నారో చెప్తాను. మా స్టేషను నుంచి ఇంటికొచ్చే దారిలో రైలు వంతెన కింద ఒక దీపం వెలగడం లేదు. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేది ఆ దారినే. చలికాలంలో నాలుగున్నరకే చీకటి. ఆ వంతెన కింద ఆమె ప్రతిరోజూ ఫోన్ చెవిన పెట్టుకుని నాతో మాట్లాడుతూ నడిచేది. ఆ చలికాలమంతా మేమిద్దరం సిటీవాళ్ళని తిట్టుకున్నాం. నాన్నగారు అడిగాక, మర్నాడు మా బిల్డింగులో కనిపించిన వాళ్ళనల్లా వాకబు చేశాను. అందరికీ ఆ దీపం సంగతి తెలుసు. అందరూ తిట్టుకున్నారు. ఫోన్ చేసినవాళ్ళు ఒక్కరూ లేరు! ఎవరో ఒకరు చేసే ఉంటారని ప్రతివాళ్ళమూ అనుకున్నాం.

షికాగోలో ఇలాంటి పనులకి 311 అని ఒక నంబరుంది. ఫోన్ చేసి స్తంభం ఎక్కడుందో చెప్తే ఒక ఫిర్యాదు నంబరిస్తారు. వీసా ఏమిటని అడగరు. ఆ నంబరు పట్టుకుని వార్డు ఆఫీసుకి కూడా వెళ్ళాను. నాన్నగారూ వచ్చారు. అక్కడి అమ్మాయి రాసుకుని, చూస్తామంది. రెండు వారాల్లో దీపం వెలిగింది. దీనికోసం ఒక చలికాలమంతా మా ఆవిడ భయపడుతూ నడిచింది కదా అని నాకు నిజంగా సిగ్గేసింది.

ఇక అప్పట్నుంచీ ఈ ఊరి రాజకీయం మీద ఆసక్తి పుట్టింది. షికాగోలో 50 వార్డులు. ఒక్కో వార్డుకి ఒకరు, నాలుగేళ్ళకోసారి ఎన్నిక. ఆల్డర్‌మన్ అనేవారు, 2021 నుంచి చట్టంలో ఆల్డర్‌పర్సన్ అయింది. చిన్న పదవే అనిపిస్తుంది. కానీ 1979 జనవరిలో మంచుతుఫానొచ్చి వీధులు శుభ్రం కాక, రైళ్ళు సరిగా నడవక, ఫిబ్రవరిలో మేయర్ బిలాండిక్ తన పార్టీ ప్రైమరీలోనే జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. ఆమె ఈ నగరానికి మొదటి మహిళా మేయరైంది. పారపట్టి మంచు తీయడం కూడా రాజకీయమేనన్నమాట.

ఎవరూ చూడనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఇంకో కథ ఉంది. 2008 డిసెంబరులో నగరం తన పార్కింగ్ మీటర్లని 75 ఏళ్ళకి ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకిచ్చేసింది. వచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు. ప్రతిపాదన చేతికొచ్చిన రెండు మూడు రోజుల్లోనే కౌన్సిల్ 40-5 ఓట్లతో సరేనంది. నగరం తన దగ్గరే ఉంచుకుంటే వాటి విలువ ఇంకో 97 కోట్లు ఎక్కువుండేదని మరుసటి ఏడాది నగరపు ఇన్‌స్పెక్టర్ జనరలే లెక్క తేల్చాడు. 2083 దాకా ఆ లీజు అలాగే ఉంటుంది. నాన్నగారు వేళ్ళ మీద లెక్కేసి, "అయితే నీ మనవడు కూడా కట్టాలిరా" అన్నారు. అప్పటికి మాకింకా పిల్లల్లేరు!

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇది వినేవాళ్ళలో నాలాగే గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళు చాలామంది ఉంటారు. ఇక్కడ ఓటు లేదు. ఇండియాలో పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, ఓటేయాలంటే మనిషి అక్కడికి వెళ్ళాలి. రెంటికీ చెడ్డ బతుకు. కానీ మా 49వ వార్డులో 2009లో ఒక పద్ధతి మొదలైంది. వార్డు పనులకి ఏటా వచ్చే డబ్బులో పెద్ద భాగాన్ని ఎలా ఖర్చుపెట్టాలో జనమే ఓటేసి చెప్పడం. అమెరికాలో ఇలా చెయ్యడం అదే మొదలు. 2010లో మొదటి ఓటింగ్ జరిగింది. ఆ మొదటిసారి పదహారేళ్ళు నిండి వార్డులో ఉంటున్న ఎవరైనా వెయ్యగలిగారు. పౌరసత్వంతో పని లేదు. ఇలాగే ఫుట్‌పాత్‌ల మరమ్మతులు, సైకిల్ దారులు, వంతెనల కింద గోడల మీద బొమ్మలు వచ్చాయి.

2016 వసంతంలో నేనూ మా ఆవిడా వెళ్ళి వేశాం. ఈ దేశంలో మేము వేసిన మొదటి ఓటు అది. ఎంతో పెద్ద విషయమేం కాదు, ఫుట్‌పాత్‌లకీ దీపాలకీ. అయినా బయటికొచ్చాక మా ఆవిడ, "ఇన్నాళ్ళూ అద్దెకున్నట్టుండేది, ఇవాళ ఇంట్లో ఉన్నట్టుంది" అంది.

ఇంకొకటి కూడా ఉంది. షికాగో ప్రభుత్వ పాఠశాలలు చాలావాటికి లోకల్ స్కూల్ కౌన్సిల్ ఉంటుంది. 1988 చట్టంతో వచ్చాయి. అందులో ఆరుగురు తల్లిదండ్రులుంటారు. ప్రిన్సిపాల్‌ని ఎంచుకోవడం కూడా వాళ్ళ చేతిలో పనే. ఈ ఎన్నికల్లో పౌరులు కాని తల్లిదండ్రులు కూడా ఓటేయొచ్చు, నిలబడొచ్చు. 2024లో మా అమ్మాయి బడిలో నేను ఓటేశాను. నిలబడమని మా ఆవిడ అంటోంది. చూడాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ రెండూ వేరు, మామూలు ఎన్నికలు వేరు. మేయరుకీ, గవర్నరుకీ, ప్రెసిడెంటుకీ పౌరులు కానివాళ్ళు పొరపాటున కూడా ఓటేయకూడదు, ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు దగ్గర నమోదు చేస్తామని అడుగుతారు. నేను పౌరుణ్ణి కాదని స్పష్టంగా చెప్పండి. తొందరలో పెట్టిన ఒక్క సంతకం వీసాకీ, గ్రీన్‌కార్డుకీ ముప్పు తేగలదు.

మీరు షికాగోలోనే ఉండనక్కర్లేదు. డాలస్ కావచ్చు, ఎడిసన్ కావచ్చు, మీ ఊరి కౌన్సిల్ సమావేశం ఎప్పుడో కనుక్కోండి. ఒక్కసారి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోండి. మీ వార్డు మనిషి పేరు తెలుసుకోండి. వెలగని దీపం కనిపిస్తే, పక్కింటివాళ్ళు చెప్పే ఉంటారని అనుకోకుండా మీరే ఫోన్ చెయ్యండి.

నాన్నగారు విశాఖ వెళ్ళిపోయాక వారం రోజులకి ఫోన్ చేశారు. ప్రయాణం ఎలా జరిగిందని నేను అడిగేలోపే, "ఏరా, దీపం వెలుగుతోందా?" అన్నారు. ఇప్పటికీ చలికాలం మొదలవగానే అడుగుతారు. వెలుగుతోందనో, ఫోన్ చేశాననో చెప్పాలి. ఇంకో జవాబు ఆయన ఒప్పుకోరు.