గోండి, తర్వాత తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డోలు చప్పుడు మధ్యలో కంప్యూటర్ గొడవేంటి మేడమ్ అనుకోకండి. ఇదీ మన భాష సంగతే.

మా హాస్టల్ కంప్యూటర్లలో డెబియన్ ఉంది. అందులో సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్ పేరు ఆప్ట్. ఏ భాషలో చెప్పాలో దానికి మనం చెప్పొచ్చు. కాకపోతే రెండు చోట్ల చెప్పాలి.

ఒకటి, అది తెరమీద పలికే మాటలు. వీటికి ‘లాంగ్వేజ్’ అనే వేరియబుల్‌లో భాషల కోడ్‌లు వరసగా, మధ్యలో కోలన్ పెట్టి రాస్తాం. మొదటి భాషలో అనువాదం లేకపోతే రెండోది చూస్తుంది. గోండికి అంతర్జాతీయ కోడ్ ఉంది: జి, ఓ, ఎన్. దాన్ని ముందు పెట్టి, తర్వాత తెలుగు, ఇంగ్లీషు రాయండి. అయితే ‘లాంగ్’ అనే ఇంకో వేరియబుల్‌లో సిస్టమ్‌లో నిజంగా ఉన్న లొకేల్, అంటే తెలుగు-ఇండియా లాంటిది, ఉండాలి. అక్కడ వట్టి ‘సి’ ఉంటే మీ వరసను అసలు చూడదు.

రెండోది, ప్యాకేజీల వివరణలు. ఇవి వేరే ఫైళ్లుగా దిగుతాయి. ఆప్ట్ సెట్టింగుల్లో ‘అక్వైర్ లాంగ్వేజెస్’ అనే చోట ఏ భాషలవి కావాలో రాయాలి. గోండి అని రాస్తే, అలాంటి ఫైలు లేదు కాబట్టి ఊరుకుంటుంది, తప్పు చూపదు. డేటా మిగులుతుందని కొందరు అక్కడ ‘నన్’ అని పెట్టమంటారు. నాకైతే నచ్చదు. అలా పెడితే ఇంగ్లీషు వివరణ కూడా పూర్తిగా రాదు. ఏం ఎక్కిస్తున్నామో చదవకుండా ఎక్కించడమెందుకు?

మరి గోండి అని రాసి లాభమేంటి, చూపించడానికి ఏమీ లేదు కదా? నిజమే. భూటాన్ వాళ్ల జోంగ్‌ఖా కూడా చిన్న భాషే, కానీ ఆప్ట్ మాటలకు జోంగ్‌ఖా అనువాదం ఉంది. ఎవరో కూర్చుని రాశారు. డెబియన్‌లో వివరణలను ఒకరు అనువదిస్తే మరికొందరు సరిచూస్తారు. డిగ్రీ అక్కర్లేదు. గుంజాల లిపి 2018లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, కాబట్టి లిపి లేదనే సాకు కూడా చెల్లదు. తెలుగు లిపిలో రాస్తామన్నా నాకు అభ్యంతరం లేదు. అది మీరే తేల్చుకోండి.

ఇన్‌స్టాల్, రిమూవ్, అప్‌గ్రేడ్. ఈ మూడింటికి మీ ఇంట్లో అవ్వలు, తాతలు ఏ మాట వాడతారో అడిగి రాసుకు రండి. ఉట్నూరు మాట, కెరమెరి మాట వేరైతే రెండూ రాయండి.