దిగిరావడం ముందే రాసుకోవాలి
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, పనికొచ్చేదేదైనా చెప్పు, పది నిమిషాలు మించకు" అన్నారు కార్యదర్శిగారు. గత ఏడాది నవంబరులో మా బ్యాచ్ వాళ్ళం నలుగురం నేపాల్ కొండదారుల్లో పరుగెత్తడానికి వెళ్ళాం. ట్రయిల్ రన్నింగ్ అంటారు దీన్ని. వచ్చాక అందరూ ఫొటోలు అడిగారుగానీ ప్లాను ఎవరూ అడగలేదు. అందుకని ఈరోజు ప్లాను గురించే చెబుతాను.

మేం ఎంచుకున్నది అన్నపూర్ణ చుట్టు దారి. 760 మీటర్ల ఎత్తున్న బేసిసహర్‌లో మొదలై, 3,540 మీటర్ల ఎత్తున్న మనాంగ్ ఊరికి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి ఇంకా పైకి వెళితే థొరాంగ్ లా అనే కనుమ, 5,416 మీటర్లు. దాన్ని దాటి అవతలికి దిగితే ముక్తినాథ్. నూటెనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం అదే. పరుగంటే ససేమిరా అన్న మా ఇళ్ళవాళ్ళు ముక్తినాథుడి పేరు చెప్పగానే సరేనన్నారు.

మనలో చాలామంది సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవాళ్ళే. 32 కిలోమీటర్లు నడిచిన కాళ్ళకు దూరమంటే భయం ఉండదు. కానీ హిమాలయాల్లో దూరం ఒక్కటే లెక్క కాదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం చెప్పాడు. నేటి కొలతల్లో అది ఇలా ఉంటుంది: ప్రతి 5 కిలోమీటర్లకూ ఒక గంట, పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట. థొరాంగ్ ఫేదీ నుంచి కనుమ దాటి ముక్తినాథ్ దాకా సుమారు 15 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల ఎక్కుడు. కాగితం మీద నాలుగు గంటల నలభై నిమిషాలు తేలుతుంది. నిజానికి నడిచేవాళ్ళకు ఏడెనిమిది గంటలు పడుతుంది. కారణం గాలి. ఆ కనుమ మీద గాలి పీడనం మన సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. అక్కడ పరుగు మాట దేవుడెరుగు, బూటు తాడు కట్టుకున్నా ఆయాసమే.

కాబట్టి వైద్యులు చెప్పే నియమం ప్రకారం రోజులు పంచుకున్నాం. 3,000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న చోటికంటే ఈరోజు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. పరుగెత్తేవాడికి ఇదే పరీక్ష. కాళ్ళు రెండు రోజుల్లో పోగలిగే దూరానికి నెత్తురు నాలుగు రోజులు అడుగుతుంది.

ఇక అసలు విషయం. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఈ హాల్లో ఆ రోజు మరిచిపోయినవాళ్ళుండరు. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. తర్వాత చాలా రోజులు నేను కూలిన కరెంటు స్తంభాలు ఎత్తించే పనిలోనే ఉన్నాను. మన మీదుగా పోయింది కదా, ఇక అయిపోయిందనుకున్నాం. ఆ తుఫాను బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత, 14వ తేదీన, నేపాల్ కొండల మీద మంచుతుఫానుగా విరుచుకుపడింది. థొరాంగ్ లా చుట్టుపక్కలా, ధవళగిరి వైపూ కనీసం 43 మంది చనిపోయారు. ట్రెక్కర్లు, గైడ్లు, ఆ ఊళ్ళవాళ్ళు. తుఫాను వస్తోందని మనకు రోజుల ముందే తెలుసు, తీరంలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించాం. కొండ మీదున్న చాలామందికి ఆ కబురు వేళకు చేరలేదు.

ఈ సంగతి చదివాక మా ప్లానులో మొదటి పేజీ మారింది. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో ముందు రాశాం. మూడే నియమాలు. ఒకటి: బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే మనాంగ్ దాటకూడదు. వాతావరణం చూసి రోజూ సాయంత్రం కబురు పంపే పని ఇక్కడున్న మా తమ్ముడికి అప్పగించాం. రెండు: పొద్దున పది గంటలకల్లా కనుమ చేరకపోతే ఎంత దగ్గర్లో ఉన్నా తిరుగుముఖం పట్టాలి, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ అక్కడ గాలి ఉధృతమవుతుంది. మూడు: తలనొప్పికి వాంతి తోడైతే ఆ మనిషి ఆ రాత్రి అక్కడ పడుకోకూడదు, కిందికి దిగాలి, అతని జతగాడూ దిగాలి. నలుగురం సంతకాలు పెట్టి, ఒక ప్రతి గైడుకి, ఒకటి ఇంట్లో ఇచ్చాం.

మూడో నియమం మాకు అవసరపడింది. యాక్ ఖర్కా దగ్గర, సుమారు 4,000 మీటర్ల ఎత్తులో, నా జతగాడు అన్నం ముట్టలేదు. తలనొప్పి, రెండుసార్లు వాంతి. మా నలుగురిలో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు వాడే. "మాత్ర వేసుకుంటే తగ్గిపోతుందిరా, ఇంత దూరం వచ్చి నీకూ పోగొట్టమంటావా" అన్నాడు. నేను ఏం వాదించినా వినేవాడు కాదు. గైడు మాట్లాడకుండా కాగితం తీసి వాడి సంతకం చూపించాడు. గైడు సహాయకుణ్ణి తోడు తీసుకుని చీకటి పడేలోపు ఇద్దరం మనాంగ్ దిగాం. అక్కడ ట్రెక్కింగ్ సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యకేంద్రం నడుస్తుంది. వాళ్ళు చూసి, దిగి మంచిపని చేశారన్నారు. మర్నాడు పొద్దున వాడు రెండోసారి అన్నం, పప్పు వడ్డించమన్నాడు. మిగతా ఇద్దరూ కనుమ దాటారు. మేమిద్దరం జీపులో పోఖరా చేరి, వాళ్ళు తెచ్చిన ముక్తినాథుడి ప్రసాదం తిన్నాం.

ఆ కనుమ నేను చూడలేదు. చూడాలని ఉండేది, ఇప్పటికీ ఉంది. కానీ మా వాడు ఈరోజు మూడో వరసలో కూర్చుని, నేనేం చెప్పేస్తానోనని కంగారుపడుతున్నాడు. నాకు అది చాలు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళితే పాస్‌పోర్టో ఓటరు కార్డో పట్టుకెళ్ళండి. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లకు గైడు తప్పనిసరి. దాన్ని ఖర్చనుకోకండి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మందుల చీటీతో ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మన బ్యాచుల్లో డాక్టర్లకు కొదవలేదు కదా!

మా ప్లాను కాగితం నకళ్ళు బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద పెట్టించాను. కావలసినవాళ్ళు తీసుకోండి. వచ్చే నవంబరులో మేమిద్దరం మళ్ళీ బయల్దేరుతున్నాం. జతగా వచ్చేవాళ్ళుంటే భోజనాల దగ్గర కలవండి.