సంతకానికి ముందు



పిల్లలూ, ఇందాక పట్టా అందుకుంటూ మీరంతా రిజిస్టరులో సంతకం పెట్టారు. పైన ఏం రాసుందో చదివినవాళ్లు ఒక్కరూ కనబడలేదు. నలభై ఏళ్లుగా వకీలుపని చేస్తున్నవాణ్ని, నా కన్ను అక్కడికే పోతుంది. ఎందుకో చెబుతాను.

మన జహీరాబాద్ వైపు 1956 దాకా బీదరు జిల్లా. కచేరీ కాగితం ఉర్దూలో, రైతు మాట తెలుగులోనో కన్నడలోనో. ఆ రోజుల్లోనే బూర్గుల రామకృష్ణారావు గారు పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివి వచ్చి, 1924లో హైదరాబాద్‌లో వకాలత్ మొదలుపెట్టారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫార్సీ అన్నీ నేర్చిన మనిషి. పి.వి. నరసింహారావు గారు ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశారు. 1950లో బూర్గుల రెవెన్యూ మంత్రి. ఆ ఏడే హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పదవులకన్నా ఆ చట్టంలోని ఒక షరతే నాకు ఎక్కువ. రక్షిత కౌలుదారు భూమి వదులుకుంటున్నానని రాసిస్తే చాలదు, తహసీల్దారు ముందుకొచ్చి ఒప్పుకోవాలి.

నేను కొత్తగా కోర్టుకు పోతున్నప్పుడు రాయికోడ్ పక్క పల్లె నుంచి ఒక అవ్వ ఉర్దూ కాగితాల మూట తెచ్చింది. పంట అప్పుకని చెప్పి, భూమి వదులుకున్నట్టు ఆమె మామతో వేలిముద్ర వేయించుకున్నారట. నాకు ఉర్దూ రాదు. ఫీజు వచ్చే కేసు కాదని పంపేయలేదు గానీ, ఆ పూట సిగ్గుతో అన్నం సయించలేదు. ఒక ముసలి మున్షీ దగ్గర కూర్చుని ఆరు నెలలు అలిఫ్ బే దిద్దాను. అప్పుడు తెలిసింది, భూమి వదులుకున్నట్టు రాసిన ఆ కాగితం తహసీల్దారు ముందుకే పోలేదు. కేసు దానిమీదే నిలబడింది.

ఆ అవ్వ మామకు అక్షరం రాదు. మీకేమైందిరా? ఫోనులో అప్పిచ్చేవాడి షరతులు ఇరవై పేజీలుంటే, కిందికి తోసేసి ఒప్పుకున్నానని నొక్కుతారు. మొన్న ఒక బీటెక్ కుర్రాడు ఉద్యోగం బాండు తెచ్చాడు. రెండేళ్లు మానకూడదని అందులో ఉంది. 'చదవలేదు సార్' అన్నాడు. ఆ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. పదిహేనేళ్లు బడికి పోయింది ఎందుకమ్మా?

ఆ అవ్వ కేసులో తొమ్మిదేళ్లకు తీర్పు వచ్చింది. భూమి నీకే అవ్వా అన్నాను. ఆమె కొంగు సర్దుకుని నా ముందు నేలమీద కూర్చుంది. "గట్ల చెప్పకు బిడ్డా. అండ్ల ఏం రాసిండ్రో మొత్తం సదువు" అన్నది. పదకొండు పేజీలు చదివాను. "ఇంకొక్కపారి" అన్నది.